బరువు దించిన తరువాత

(స్త్రీల సమాజ కూడికలకు పాఠము. ముందుగా చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 4:46-49, 8:23-26, రూతు 4:13-17, అపొస్తలుల కార్యములు 18:1-4, 24-26, 2 తిమోతి 1:3-5)



రిటైర్మెంటు అను మాట బైబిలులో లేదు. మోషే ఫరో యెదుట నిలిచినది ఎనుబదవ యేట. అందుచేత మన ప్రసంగములలో తరచుగా వినబడు మాట, విశ్వాసికి విరమణ లేదని. ఆ మాట వినుటకు బాగుగానే ఉండును గాని, మోకాళ్ళ నొప్పులతో మేడ మెట్లెక్కి నీళ్ళు మోయు స్త్రీకి అది అంత ఆదరణ కలిగించదు. లేఖనమును నిదానముగా చదివినయెడల, దేవుడే వయస్సు చెప్పి, ఇక చాలును, బరువు దించుమని ఆజ్ఞాపించిన చోటు ఒకటి కనబడును. అది సంఖ్యాకాండము 8వ అధ్యాయములో చివరి నాలుగు వచనములు.

లేవీయులు ఇరువది అయిదేండ్ల వయస్సున సేవలో ప్రవేశించి, ఏబదవ యేట ఆ పని మానవలెను. 4వ అధ్యాయములో ముప్పది యేండ్లు మొదలుకొని అని ఉన్నది గదా, ఈ తేడా ఏమిటని పిల్లలు అడిగితే సిగ్గుపడనక్కరలేదు. మొదటి అయిదేండ్లు పని నేర్చుకొను కాలమని యూదు బోధకులు వివరించిరి. అనగా వారికి అయిదేండ్ల ట్రైనింగు. మా టీచర్ ట్రైనింగు రెండేండ్లలోనే ముగిసెను. లేవీయుల పని బడిపంతులు పనికంటె కష్టమై యుండవలెను.

ఆ పని ఏమి? ముఖ్యముగా మోత పని. లెక్కింపబడిన 8,580 మంది ప్రత్యక్షపు గుడారమును విప్పి, మోసి, మరల నిలువబెట్టవలెను. పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు మెరారీయుల పాలు; వారికి నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు ఇచ్చిరి. తెరలు మోయు గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు. కహాతీయులకు మాత్రము బండి లేదు; పరిశుద్ధమైన వస్తువులను భుజములమీదనే మోయవలెను (7:6-9). భుజము ఎంతకాలము మోయగలదో దానిని చేసినవానికి తెలియును. ఏబది యేండ్లకు దించుమని చెప్పుట శిక్ష కాదు, పనికిరావని చెప్పుటయు కాదు, అది కనికరము.

అయితే 26వ వచనము తప్పక చదువవలెను. మోత మానిన లేవీయుడు ఇంటికి వెళ్ళి కూర్చుండలేదు. తన సహోదరులతో కూడ గుడారమునొద్ద కావలి కాయుచు వారికి తోడుగా ఉండవలెను. బరువు తీసివేసిరి గాని స్థలము తీసివేయలేదు. ఈ పాఠమంతయు ఈ రెండు మాటలమీదనే నడచుచున్నది: మోత వేరు, కావలి వేరు.

ఇక స్త్రీల సంగతికి వద్దాము. పురుషుడు రిటైరైతే దండ వేసి, శాలువ కప్పి ఇంటికి పంపుదురు. ఇంటికి చేరి పడక కుర్చీలో కూర్చుండును. స్త్రీ కూడ అదే దండతో, అదే శాలువతో ఇంటికి వచ్చి, దండ మేకుకు తగిలించి, రాత్రికి కూర ఏమి ఉన్నదని చూచును. ముప్పది యేండ్లు ఆమె రెండు మోతలు మోసినది, ఒకటి దించినది. వెంటనే చుట్టుప్రక్కలవారికి ఆమె భుజము ఖాళీగా కనబడును. "ఇక ఇంట్లోనే గదా!" అని అందరు అందురు. ఆ "గదా"లో ఎన్ని పనులు దాగియున్నవో అనుభవించినవారికే తెలియును. సంఘము కూడ దీనికి మినహాయింపు కాదు. రిటైరైన సహోదరి పేరు వినగానే కమిటీలో నలుగురు తలలెత్తుదురు.

మా ఒడిషాలోని ఒక దంపతుల సంగతి వారి అనుమతితో, పేర్లు లేకుండ వ్రాయుచున్నాను. ఆయన ఖుర్దా రోడ్డులో గూడ్సు బండ్ల గార్డుగా పనిచేసి రిటైరైనారు (2022 నుండి ఆ ఉద్యోగమునకు ట్రైన్ మేనేజరని పేరు మార్చినారు, ఆయన మాత్రము ఇంకను గార్డుననే చెప్పుకొందురు). ఆమె ఆసుపత్రిలో వార్డు సిస్టరుగా పనిచేసి, రెండేండ్ల తరువాత రిటైరైనది. పెండ్లయి ముప్పది నాలుగేండ్లు. అయితే ఆయన లైనులో ఉన్న రోజులు, ఆమె నైట్ డ్యూటీ రాత్రులు తీసివేసి లెక్కించితే, ఒకే కప్పు క్రింద ఒకే వేళకు మెలకువగా ఉన్న కాలము ఎంతో తక్కువ. ఇప్పుడు ఇరువది నాలుగు గంటలు ఎదురెదురుగా!

గార్డుగారికి వేళలు వ్రాయు అలవాటు పోలేదు. ఒక నోటుపుస్తకములో పాలవాడు వచ్చినది 6:10, కాఫీ ఇచ్చినది 6:40, పది నిమిషములు ఆలస్యము అని వ్రాసికొనుచుండెను. ఆ పుస్తకము ఒకరోజు ఆమె కంటబడినది. ఆమె తక్కువదా? ఆయనను వార్డులోని రోగివలె లేపి, స్నానమునకు పంపి, మాత్రలు చేతిలో పెట్టి, మ్రింగువరకు ఎదురుగా నిలుచుండెడిది. మొదటి సంవత్సరము వారింట కుటుంబ ప్రార్థన మానలేదు గాని, ప్రార్థన తరువాత ఇద్దరికి మాటలు లేవు.

ఇట్టి ఇండ్లు మనలో కొన్ని కావు. దీనికి అకుల, ప్రిస్కిల్లలను చూడవలెను. వీరు మనవలె వలసవారు. పొంతు దేశమున పుట్టిన అకుల రోమాలో నివసించుచుండగా, క్రీ.శ. 49 ప్రాంతమున క్లౌదియ చక్రవర్తి యూదులను వెళ్ళగొట్టినందున భార్యాభర్తలు కొరింథుకు వచ్చిరి. తరువాత ఎఫెసునకు, మరల రోమాకు. క్రొత్త నిబంధనలో వారి ప్రస్తావన ఆరుసార్లు కలదు. ఆరుసార్లును ఇద్దరి పేర్లు కలిసియే ఉన్నవి; ఒక్కసారియైనను ఒకరి పేరు విడిగా లేదు. వారిద్దరిని కలిపి ఉంచినది ఏమి? విశ్వాసము మాత్రమేనని వెంటనే చెప్పకండి. డేరాలు కుట్టుపని కూడ. చేతిలో ఒకే గుడ్డ, ఇరువైపుల ఇద్దరు. ఆ పని జరుగుచుండగానే పౌలు మాటలు వినిరి, ఆ ఇంటిలోనే అపొల్లోకు మార్గమును మరి స్పష్టముగా విశదపరచిరి.

మన దంపతులకు డేరా దొరకలేదు, బొంత దొరికినది. బీరువా సర్దుచుండగా పాత నూలు చీరలు బయటపడినవి. ఆమెకు కుట్టుపని ఇష్టము, కాని నేలమీద ఎక్కువసేపు వంగలేదు. ఆయన బల్లలు రెండు దగ్గరకు చేర్చి ఎత్తుగా అమర్చెను. చీర ఐదున్నర మీటర్లు. మూడుగా మడిచితే ఆరడుగుల పొడవు వచ్చును. రెండు చీరలు పెట్టితే ఆరు పొరలు. ఒక మనిషికి చక్కని బొంత. ముందుగా ఉతికి, గంజి వదలించి, ఆరవేయవలెను. మూలలు కదలకుండ బరువు పెట్టి, అంచునుండి లోపలికి చుట్టుకొని వచ్చునట్లు వ్రేలెడు ఎడముతో దూరపు కుట్టు వేయవలెను.  కర్ణాటకలోని మనవారు దీనిని కౌది యందురు, మహారాష్ట్రలోని వారు గోధడి యందురు, పని ఒక్కటే. ఆమె కుట్టును, ఆయన సూదులలో దారమెక్కించి వరుసగా గుచ్చి ఉంచును, గీతలు స్కేలుతో తిన్నగా గీయును. వేళలు వ్రాయు పుస్తకములో ఇప్పుడు గీతల లెక్క ఎక్కుచున్నది! మొదటి బొంత వారు వాడుకొనలేదు. సంఘములో ఒక విధవరాలికి ఇచ్చిరి. తబితా కుట్టిన వస్త్రములను విధవరాండ్రు పేతురునకు చూపిన సంగతి (అపొ. కార్య. 9:39) ఆమెకు ఆ రోజున జ్ఞాపకము వచ్చెనట.

బొంతతో భార్యాభర్తల చిక్కులన్నియు తీరునని నేను చెప్పుట లేదు. మాత్రల విషయములో ఇప్పటికి కూడ యుద్ధమే. అయితే మాటలాడుకొనుటకు ఒక పని మధ్యన ఉన్నది. మీ ఇంట అది పెరటిలో బచ్చలిపాదు కావచ్చును, కారుచున్న కప్పు బాగుచేయుట కావచ్చును, ఆవకాయ కావచ్చును. ఆవకాయయే అయితే ముక్కలు కొట్టుట ఆయన పాలు.

ఇంతలో అసలు పరీక్ష వచ్చినది. పూనాలో ఉద్యోగము చేయు కుమార్తెకు రెండవ కాన్పు. "అమ్మా, నీవు వచ్చి పిల్ల బడికి వెళ్ళువరకు మూడేండ్లు ఉండవలెను" అని ఆమె అడిగినది. చెన్నైలోని కుమారుడు, "నాన్నను నేను చూచుకొందును" అన్నాడు. ఇద్దరిదీ ప్రేమయే, సందేహము లేదు. అయినను జరుగునది ఏమి? తల్లి ఒక రాష్ట్రములో, తండ్రి ఒక రాష్ట్రములో. మన వలస కుటుంబములలో ఇది ఎంత సామాన్యమైనదో మీరెరుగుదురు. ఇంటి గిన్నెలు పంచుకొన్నట్లు తలిదండ్రులను పంచుకొనుచున్నాము. ఆ సహోదరి నాయొద్దకు వచ్చి అడిగిన ప్రశ్న ఇది: "అక్కా, నేను రానంటే పాపమా?"

కొందరు వెంటనే నయోమిని చూపుదురు. ఆమె ఓబేదును కౌగిట నుంచుకొని పెంచలేదా? పెంచినది. కాని ఆ భాగము మరల చదువుడి. నయోమి పదేండ్లు మోయాబులో పరవాసిగా ఉండి, భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని, తన బేత్లెహేమునకు తిరిగి వచ్చిన తరువాత ఆ బిడ్డను ఎత్తుకొనెను. పొరుగు స్త్రీలు ఆమె చుట్టునున్నారు. బిడ్డకు పేరు పెట్టినది కూడ వారే. ఆమె విధవరాలు; విడిచి రావలసిన భర్త లేడు. మనుమని ఎత్తుకొనుట ఆమెకు ఆదరణ. నయోమిని చూపి భర్తగల స్త్రీని దూరదేశము పంపుట ఆ భాగమును సరిగా చదువుట కాదు.

నేను ఆమెకు 1 కొరింథీయులకు 7:5 చూపితిని. అది యౌవనస్థులకేనని మనము దాటిపోవుదుము. భార్యాభర్తలు ఎడబాసి యుండుటకు పౌలు అక్కడ పెట్టిన హద్దులు చూడుడి: ఇద్దరి సమ్మతి ఉండవలెను, కొంతకాలము మట్టుకే యుండవలెను. అది ప్రార్థన కొరకైన ఎడబాటు. ప్రార్థన కొరకైన ఎడబాటుకే ఇన్ని హద్దులుండగా, వంటకు, పిల్లల కాపునకు హద్దు అక్కరలేదా? రాననుట పాపము కాదని నా అభిప్రాయము. "మూడేండ్లు" అనునది మోత. "ఇంతకాలము, ఇద్దరము కలిసి" అనునది కావలి.

కుమార్తె కష్టము కూడ నిజమైనదే; దానిని తేలికగా తీసివేయకూడదు. వారు కూర్చుండి లెక్క చూచిరి. 2017 నుండి చట్టము ప్రకారము మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారముల జీతముతో సెలవు కలదు. ఏబది మంది లేక అంతకు మించి పనిచేయుచోట పిల్లలను ఉంచు గది ఏర్పాటు చేయవలెను. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూడవచ్చును. ఆ సంగతి కుమార్తె తన ఆఫీసులో అంతవరకు అడుగనేలేదు. ఆమెకు ఎక్కువ అవసరము సెలవు ముగిసిన తరువాత గనుక, కాన్పుకు తల్లి ఒక నెల, సెలవు ముగిసినప్పుడు ఇద్దరు కలిసి ఐదు నెలలు వెళ్ళుటకు నిర్ణయించుకొనిరి. తిరుగు టికెట్టు ముందే తీసిరి. కుమార్తె పదిహేను రోజులు ఫోను చేయలేదు. ఆ పదిహేను రోజులు ఆ తల్లి నిద్రపోలేదు. ఇది కూడ వ్రాయవలెను, లేనిచో పాఠము అబద్ధమగును.

ఇక ఇంటి సంగతి. ఉన్న ఇల్లు అమ్మి బిడ్డలకు పంచివేసి వారియొద్ద ఉండవచ్చునని కొందరు పెద్దలు తొందరపడుచున్నారు. తలిదండ్రులు పిల్లలకు కూర్చవలెనని 2 కొరింథీయులకు 12:14లో ఉన్నమాట నిజమే. పిల్లలు తలిదండ్రులకు ప్రత్యుపకారము చేయ నేర్చుకొనవలెనని 1 తిమోతి 5:4లో కూడ ఉన్నది. రెండును చదువవలెను. బ్రదికియుండగా ఇల్లు వ్రాసి ఇయ్యదలచినయెడల, మమ్మును పోషించవలెనను షరతు దస్తావేజులోనే వ్రాయించుకొనుడి. 2007లో వచ్చిన వయోవృద్ధుల పోషణ చట్టము 23వ సెక్షను క్రింద, షరతు తప్పినప్పుడు ఆ బదిలీని రద్దుచేయించుకొను వీలున్నది. నోటిమాట నమ్మి ఇచ్చినవారికి తరువాత రుజువు కష్టమగును.

క్రైస్తవులమైన మనకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. వీలునామా లేకుండ భర్త చనిపోయి పిల్లలున్నయెడల, ఆస్తిలో మూడవ వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానముగా చెందును. కుమారుడని, కుమార్తెయని భేదము లేదు. ఆడపిల్లకు కట్నమిచ్చితిమి, ఇక వాటా లేదను మాట ఆ చట్టములో ఎక్కడను కనబడదు. అయితే మూడవ వంతు ఇల్లు అనగా ఆ విధవరాలు ఏ గదిలో ఉండవలెనో ఎవరు చెప్పగలరు? అందుచేత వీలునామా వ్రాయుడి. దానికి స్టాంపు కాగితము అక్కరలేదు; రిజిస్ట్రేషను ఇష్టమైతే చేయించవచ్చును. మీరు సంతకము చేయుచుండగా చూచిన ఇద్దరు సాక్షులు మీ యెదుట సంతకము చేయవలెను. సాక్షికి గాని, సాక్షి భార్యకు లేక భర్తకు గాని ఆ వీలునామాలో ఇచ్చినది చెల్లదు గనుక, కుమారునిచేత, అల్లునిచేత సాక్షి సంతకము చేయించవద్దు. (యానాములో కొన్ని కుటుంబములకు ఫ్రెంచి పాలన నాటి చట్టము వర్తించవచ్చును; అచ్చటివారు తమ ఊరి వకీలును అడిగి తెలిసికొనవలెను.) వీలునామా మాట ఎత్తితే చావు మాట ఎత్తినట్లని కొందరు సహోదరీలు చెవులు మూసికొందురు. యోసేపు తన ఎముకలను గూర్చి కూడ ముందే ఆజ్ఞ ఇచ్చి చనిపోయెను.

కావలి అనగా ఏమని అడుగుదురేమో. నా మట్టుకు నాకు లోయి కనబడుచున్నది. తిమోతి అవ్వ ఆమె. అతని తండ్రి గ్రీసు దేశస్థుడు (అపొ. కార్య. 16:1). వీధిలో ఒక భాష, ఇంటిలో ఒక విశ్వాసము. మన పిల్లల స్థితియే. మా గంజాములో 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రము ఏర్పడినప్పుడు మా పెద్దలు ఇల్లు కదలలేదు, సరిహద్దే కదిలెను. తెలుగు మాట నిలిచినది. తెలుగు చదువు మాత్రము ఒక్కొక్క తరమున సన్నగిల్లుచున్నది. ఈనాడు ఆరాధనలో బైబిలు తెరిచి కూర్చున్న పిల్లలలో ఎంతమంది నిజముగా చదువుచున్నారో ఒక్కసారి ప్రక్కన కూర్చుండి చూడుడి.

అక్షరములు నేర్పుట అవ్వలు చేయదగిన పని, కష్టమైన పని కాదు. పిల్లవానికి కన్నడము వచ్చియున్నయెడల సగము పని అయినట్లే. ఆ లిపి, మన లిపి ఒకే పాత లిపినుండి వచ్చినవి, తలకట్టు తేడా చూపితే చాలును. ఒరియా, మరాఠీ చదువు పిల్లలకు అక్షరముల రూపము క్రొత్త గాని వరుస క్రొత్త కాదు. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ అదే క్రమము. తమిళము చదువు పిల్లలకు మాత్రము ఓపిక కావలెను, ఏలయనగా ఆ లిపిలో క ఖ గ ఘ లకు ఒక్కటే అక్షరము. ఒత్తులు వారి చెవికి క్రొత్త. అందరికి ఒకేసారి ఏబదియారు అక్షరములు పలకమీద వ్రాసి భయపెట్టవద్దు. ఇంటిలోనివారి పేర్లతో మొదలుపెట్టుడి. తన పేరు, అమ్మ పేరు, తాత పేరు. ఆ తరువాత బైబిలు పుస్తకముల పేర్లు: రూతు, యోబు, యోనా, లూకా, మార్కు. రెండక్షరములవి చాల ఉన్నవి. వాక్యభాగమును ముందు మీరు పైకి చదివి వినిపించుడి; "చెప్పుచున్నాను" అను మాట వాడు ఇంటిలో ఎన్నడు విని యుండడు గదా. రోజుకు ఇరువది నిమిషములు మించకూడదు. పూనాలో గార్డుగారు పెద్ద మనుమనికి ఇట్లే మొదలుపెట్టి, వేళ కూడ వ్రాసికొనుచున్నారని విన్నాను.

కూడికలో మాటలాడుకొనుటకు: నలుబది దాటనివారు ముందుగా 8:26 పైకి చదివి, మీ ఇంటిలోని అమ్మకో అత్తకో గత నెలలో మీరు అప్పగించిన పనులు జ్ఞాపకము చేసికొని, వాటిలో మోత ఏది, కావలి ఏది చెప్పుడి. దంపతులుగా వచ్చినవారు, ఈ సంవత్సరము ఇద్దరు కలిసి చేయదగిన ఇంటిపని ఒకటి ఏదో అక్కడనే నిర్ణయించుకొనుడి. 2 కొరింథీయులకు 12:14, 1 తిమోతి 5:4 ఒకదానితో ఒకటి ఎట్లు సరిపడునో తలిదండ్రులు ఒకవైపు, పిల్లలు ఒకవైపు కూర్చుండి వాదించినను మంచిదే. ఇక సమాజ కార్యదర్శులకు ఒక పని: మీ సంఘములో అరువది దాటిన సహోదరీల పేర్లు వ్రాసి, ఒక్కొక్కరి యింటికి వెళ్ళి, ఏ బరువు దించుకొనగోరుచున్నారో, ఏ కావలి కాయగోరుచున్నారో అడిగి, వారు చెప్పినది చెప్పినట్లు పేరు ప్రక్కన వ్రాసికొనుడి. వారి బదులు మీరు నింపవద్దు.